మా అత్త జ్ఞాని అయిన ఏడాది

పోయిన నెలాఖరు ఆదివారం పొద్దున గుంటూరులో మా ఫ్లాటుకి ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ మడత నలగని తెల్ల లాల్చీ, చేతిలో సెల్‌ఫోను, చంకలో కాగితం చుట్టిన పటం. పేరు శివప్రసాద్ అన్నాడు, మా ఊళ్ళో ఉన్న ఆశ్రమానికి కార్యదర్శినన్నాడు. కూర్చోమనేలోపే కాగితం విప్పి పటాన్ని సోఫాలో నా పక్కన నిలబెట్టాడు. తెల్ల చీర కట్టుకుని, నుదుట విభూతి పెట్టుకుని, కుర్చీలో కూర్చున్న ఆడమనిషి. పాత నలుపు తెలుపు ఫొటోకి తర్వాతెప్పుడో రంగులు వేయించారు. చెంపలకు గులాబీ రంగు అద్దారు, తల వెనక పసుప్పచ్చని వలయం గీశారు. ఆ ఫొటో తీసిననాడు నేను అక్కడే ఉన్నాను. ఆ చెంపల్లో నెత్తురు చుక్క లేదు. ఆవిడ మా మేనత్త రత్తమ్మ.

"అమ్మ ఆరాధనకి పుస్తకం వేస్తున్నామండి. అమ్మని కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది మీరొక్కరే. చివరిరోజు గదిలో అమ్మ దగ్గర మీరే ఉన్నారంట గదండి. అమ్మ ఆఖరి మాట ఏంటో మీరు రాసిస్తే మొదటి పేజీలో వేసుకుంటాం," అన్నాడు. పిల్లల్లేకుండానే పోయిన మా అత్తను ఊరూరా అమ్మ అంటున్నారని నాకు తెలుసు, అయినా వినగానే ఒళ్ళు మండింది. కాఫీ ఇచ్చాను. తాగి, జేబులోంచి గ్యాసు మాత్ర తీసి నన్ను మంచినీళ్ళు అడిగి వేసుకున్నాడు. రాసిస్తాను, పై ఆదివారం రమ్మన్నాను. నేను యాభై ఏళ్ళుగా కథలూ వ్యాసాలూ రాస్తూనే ఉన్నాను. మా అత్త గురించి మాత్రం ఒక్క వాక్యం రాయలేదు. మర్చిపోయి కాదు, భయపడి.

మా ఊరు దర్శికి లోపలగా ఉంటుంది. మా నాన్న పుగాకు, పత్తి, మిరప వేసేవాడు. మాఘమాసం వచ్చిందంటే మా ఇంట్లో మిరపకాయ తప్ప ఇంకో వాసన ఉండేది కాదు. కల్లంలో ఎండిన కాయల్ని బుట్టలకెత్తి వరండాలో గుట్ట పోసేవాళ్ళు. ఆడవాళ్ళు ఆ గుట్ట చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తూ, తెల్లబారిన తాలు కాయల్ని ఒక పక్కకు ఏరేవాళ్ళు. తలుపులు తీసినా వేసినా ఒకటే ఘాటు. తుమ్ములు, దగ్గులు, కళ్ళ నీళ్ళు, మధ్యలో నవ్వులు. సాయంత్రానికి అరచేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండేవి. ఆముదం రాసుకునేవాళ్ళు, మజ్జిగలో చేతులు ముంచుకుని కూర్చునేవాళ్ళు. ఆ రెండు నెలలూ మా అమ్మ నా మొహాన్ని అరచేత్తో తాకేది కాదు. ముక్కు తుడవాలన్నా మణికట్టుతో తుడిచేది. నాకు జడ వేసేవాళ్ళే ఉండేవాళ్ళు కాదు. కుంకుడుకాయ సంగతి సరేసరి, ఉగాది దాకా తలకి పేలు పట్టినా అడిగే దిక్కులేదు.

ఆ గుట్ట దగ్గర అందరికంటే ముందు కూర్చుని అందరికంటే ఆఖరున లేచేది రత్తమ్మత్త. మా నాన్నకు అక్క. పెళ్ళయిన మూడో ఏడు మొగుడు పత్తి చేలో పాము కరిచి చచ్చిపోతే పుట్టింటికొచ్చింది. వచ్చినప్పుడు ఎన్నాళ్ళుంటావని ఎవరూ అడగలేదు, ఉండమనీ ఎవరూ అనలేదు. గొడ్ల కొట్టం పక్కన చిన్నగది ఆవిడది. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, మాట మెల్లగా ఉండేది. తాలు కాయ ఏరడంలో ఆవిడ చేతికి తిరుగు లేదనేవాళ్ళు. ఆవిడను ఎవరైనా మెచ్చుకున్న సందర్భం నాకు అదొక్కటే గుర్తుంది.

ఇంటికి పెద్ద మా తాతయ్య. నల్లగా, పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేవాడు. ఎప్పుడో ఆయన నడివయసులో ఒక స్వామి వచ్చి ఒక వానాకాలమంతా మా ఊళ్ళో ఉండిపోయాడట. ఆయన దగ్గర తాతయ్య వేదాంతం విన్నాడు. విన్నది విన్నట్టు వదిలేసే మనిషి కాదు. నువ్వు దేహం కాదు, మనసు కాదు, వాటిని చూసే సాక్షివి, ఆ సాక్షి ఒక్కటే ఉంది, రెండోది లేదు. ఈ నాలుగు ముక్కలతో ఆయన వ్యవసాయం చేశాడు, ఇల్లు నడిపాడు, పెళ్ళాన్ని కాటికి సాగనంపాడు. ఒకసారి దవడపన్ను పుచ్చితే కంసాలి కొట్టులో పట్టకారుతో పీకించుకుని, నెత్తురు ఉమ్మేసి, అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించాడు. చూడ్డానికి ఊరంతా వచ్చింది. చుట్ట మానలేని వేదాంతం ఏం వేదాంతమని ఎవరో వెటకారం చేస్తే, "తాగేది దేహంరా. దాన్నడుగు," అన్నాడట. ఆ రోజు నుంచి సాయంత్రం పూట మా అరుగు మీద పదిమంది రైతులు చేరేవాళ్ళు. దాన్ని గోష్ఠి అనేవాళ్ళు.

మా ఇంటికో ఆచారం ఉండేది. నేను పెద్దయ్యాక ఇంకెక్కడా చూడలేదు. ఇంట్లో ఎవరికి నొప్పి వచ్చినా, జ్వరం వచ్చినా, తేలు కుట్టినా, మందు కంటే ముందు తాతయ్య ఎదుట పీట మీద కూర్చోవాలి. ఆయన అడుగుతాడు. నొప్పి ఎవరికి? ఆ నొప్పిని చూస్తున్నదెవరు? ఆ చూసేదానికి నొప్పి ఉందా? సరిగ్గా చెప్పిందాకా అన్నమూ లేదు, మందూ లేదు. దీన్ని విచారణ అనేవాళ్ళు. ఈ ప్రశ్న ఎవరికి వారు, ఒంటరిగా, తమను తాము అడుక్కోవాల్సిందని నాకు ముప్ఫై దాటాక చదువుకుంటే తెలిసింది. మా ఇంట్లో అది ఎదుటివాళ్ళను అడిగేవాళ్ళం. ఆ ఒక్క తేడా చిన్నదేం కాదు.

ఆ విచారణంతా ఉత్తదే అనను. అబద్ధమాడి సాధించేదేముంది? నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆడుకుంటూ వెళ్ళి మిరపగుట్టలో బోర్లా పడ్డాను. కళ్ళు తెరవలేకపోయాను. ఏడుస్తుంటే తాతయ్య తన మంచం దగ్గర కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగాడు, మంట ఎక్కడుంది, దాన్ని చూసేది ఎక్కడుందని. ఏమైందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మంట అక్కడే ఉంది, అంతే మండుతోంది, కానీ నేను దాన్లో లేను. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయి, ఆ నిశ్శబ్దం నాదే అనిపించింది. ఎంతసేపో తెలియదు. ఏడుపు ఆపేసి, "నాకు మంట లేదు తాతయ్యా, దానికి ఉంది," అన్నాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆయన వెతుక్కుంటున్నది ఎనిమిదేళ్ళ మనవరాలికి మిరపగుట్టలో దొరికింది. అలాంటిది నాకు మళ్ళీ జన్మలో రాలేదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ మర్నాటి నుంచి నా హోదా మారిపోయింది. పసినోటితో అడిగితే గురువు అడిగినట్టేనని, విచారణలో ప్రశ్నలు అడిగే పని నాకప్పగించాడు. తాతయ్య నులకమంచం మీద ఆయన పక్కన కూర్చునేదాన్ని. ఎదురుగా పీట మీద పాలేరో, మా అమ్మో, పక్కింటివాళ్ళో. వేలు చూపించి మరీ అడిగేదాన్ని. తడబడితే ఎగతాళి చేసేదాన్ని. మా అమ్మ నెల తప్పి కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే కూడా అడిగాను. ఆవిడ నా వంక చూసి, "నొప్పి ఎవరికీ లేదు తల్లీ, నన్ను లేవనీ," అంది. అప్పట్లో అది గెలుపనుకున్నాను. అంత చిన్నపిల్లకు అంత పొగరు ఎవరైనా నేర్పాల్సిన అవసరం లేదు, కాస్త చోటిస్తే చాలు.

రత్తమ్మత్తకు కడుపులో నొప్పి మొదలైంది ఆ తర్వాత రెండేళ్ళకి, తొడిమలు తీసే రోజుల్లోనే. కుడిపక్క పట్టుకుని గుట్ట మీదికి ఒరిగిపోయింది. పీట మీద కూర్చోబెట్టారు. నేను అడిగాను, నొప్పి ఎవరికని. "నాకేనే అమ్మడూ, ఇదిగో ఇక్కడ," అంది చేత్తో చూపిస్తూ. అరుగు మీదున్న పదిమందీ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. "ఇన్నేళ్ళు వేదాంతం ఇంట్లో తిండి తిని ఇదా నీ జవాబు?" అన్నాడు తాతయ్య. ఆ పూట ఆవిడకు అన్నం లేదు. రెండోసారి నొప్పి వచ్చినప్పుడు సరిగ్గానే చెప్పింది, కానీ చెప్తూ మూలిగింది, అది చెల్లలేదు. మూడోసారికి మొహం కదలకుండా చెప్పడం నేర్చుకుంది. తాలు కాయ ఏరినంత శ్రద్ధగా మూలుగునీ, మొహం ముడతల్నీ ఏరి పక్కన పడేసింది.

అప్పుడే మా అందరి బుద్ధీ గడ్డి తిన్నది. పిడుగురాళ్ళ నుంచి ఒక సున్నపుబట్టీ ఆసామి గోష్ఠికి వచ్చాడు. వచ్చినరోజే అత్తకు నొప్పి లేచింది. పీట మీద నిటారుగా కూర్చుంది. చెమటలు ధారలు కట్టి జాకెట్టు తడిసిపోయింది. నేను ఒకటికి పదిసార్లు అడిగాను. ప్రతిసారీ ఒకే మెల్లని గొంతుతో, "నొప్పి దేహానిది. చూసేదానికి లేదు," అంది. రెప్ప వాల్చలేదు. ఆసామి లేచి వచ్చి ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. "నీ ఇంట్లోనే జ్ఞానిని పెట్టుకుని ఊరికి పాఠాలు చెప్తున్నావయ్యా పెద్దాయనా," అన్నాడు తాతయ్యతో. తాతయ్య లేచి, సొంత కూతురికి, అందరి ముందూ చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఆయన ఒక మనిషికి దణ్ణం పెట్టడం నేను చూడటం అదే మొదలు. కడుపులో ఏదో కుళ్ళిపోతున్న ఆడదాన్ని, నోరు తెరిస్తే అన్నం పోతుందని నోరు మూసుకున్న ఆడదాన్ని, జీవన్ముక్తురాలని నమ్మేశాం. వేదాంతం తెలియని ఇంట్లోనైతే ఇంత పొరపాటు జరగదు. ఎడ్లబండి కట్టి దర్శి డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు.

ఆ వారం నుంచి అత్త మిరపగుట్ట దగ్గర కూర్చోలేదు. కొట్టం పక్క గదిలోంచి నడవలోకి మార్చారు. కుర్చీ వేశారు. మా నాన్న మంగళగిరి నుంచి తెల్లచీరలు తెప్పించాడు. కొబ్బరికాయలు, అరటిపళ్ళు, పూలదండలు వచ్చేవి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బళ్ళు కట్టుకొచ్చి కాళ్ళకు మొక్కి, ఆవిడ నోటెంట ఒక్కమాట వింటే చాలన్నట్టు ఎదురుగా చతికిలబడేవాళ్ళు. చచ్చినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు, నేను ఉన్నది చెప్తాను. అత్తకు అది నచ్చింది. పుట్టి ముప్ఫై ఆరేళ్ళయ్యాక మొదటిసారి ఆవిడను ఎవరో కూర్చోబెట్టి భోజనం వడ్డించారు. అరచేతుల మంట పోయింది. పగిలిన వేళ్ళు నున్నబడ్డాయి. వాటిని వెలుగులో తిప్పి చూసుకోవడం నేను చూశాను. ఒకటే షరతు, నొప్పి అని అనకూడదు. అంటే మళ్ళీ గుట్ట దగ్గరికే, ఈసారి ఊరందరినీ మోసం చేసిన దొంగ పేరుతో.

మా ఊళ్ళో సూదిమందు వేసే ఆర్‌ఎంపీ ఒకాయన ఉండేవాడు. ఆయనా దర్శనానికి వచ్చాడు. దణ్ణం పెట్టి లేస్తూ కడుపు వంక చూశాడు. చీర మీంచే గడ్డ ఎత్తుగా తెలుస్తోంది. తాతయ్యను పక్కకు పిలిచాడు. "పెద్దాయనా, తప్పుగా అనుకోవద్దు. రేపే గుంటూరు తీసకపోండి. కోస్తే బతుకుద్ది. ఇంకో నెలయితే నా చేతుల్లోనూ లేదు, ఎవరి చేతుల్లోనూ లేదు." తాతయ్య ఆయనకు మజ్జిగ ఇప్పించి, ఓపిగ్గా చెప్పాడు. వదిలిన బాణం తగలక మానదు. అది ప్రారబ్ధం. ఈ దేహంతో అనుభవించేస్తే ఇక జన్మ లేదు. మధ్యలో కత్తి పెట్టి ఆపితే, మిగిలింది తీర్చుకోడానికి ఆవిడ మళ్ళీ పుట్టాలి. ముక్తి గుమ్మంలో ఉన్నదాన్ని వెనక్కి లాగమంటావా? ఆర్‌ఎంపీ మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. మా నాన్న స్తంభానికి ఆనుకుని అంతా విన్నాడు. "అక్కనడుగుదాం," అన్నాడు చిన్నగా. అందరూ నడవలోకి వెళ్ళారు. పదిహేను మంది భక్తులున్నారు. అత్త మా నాన్న మొహం వంక, తాతయ్య మొహం వంక చూసి, "దేహం సంగతి నాకెందుకు?" అంది. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. మా నాన్న కూడా.

అయిదారు రోజుల తర్వాత మధ్యాహ్నం పూట, నడవలో ఎవరూ లేనప్పుడు, అత్త నన్ను దగ్గరికి పిలిచింది. నా చెయ్యి తీసుకుని గడ్డ మీద పెట్టుకుంది. వేడిగా, గట్టిగా ఉంది. "మా నాన్నకు చెప్పవే అమ్మడూ, నొప్పి నాకేనని. నా వల్ల కావట్లేదే. నేను చెప్తే ఇంతమందిలో నాన్న తల కొట్టేసినట్టవుద్ది. నువ్వయితే పసిదానివి. అత్త ఏడుస్తోంది తాతయ్యా అను, చాలు. బండి కడతాడు," అంది. కళ్ళలో నీళ్ళు లేవు, ఏడవడం కూడా మరిచిపోయినట్టుంది. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు అప్పుడే తెలుసు, ఇప్పుడు కొత్తగా తవ్వుకోవాల్సిన పని లేదు. వచ్చినవాళ్ళు ఆవిడ తర్వాత నా కాళ్ళు కూడా తాకేవాళ్ళు. జ్ఞానిని బయటపెట్టిన పసినోరు నాది. ఆవిడ జ్ఞాని కాకపోతే నేను పేలతలతో తిరిగే పిల్లని. చెయ్యి లాక్కుని, మంచం మీద కూర్చున్నప్పటి గొంతుతో, "ఎవరి వల్ల కావట్లేదు?" అని అడిగాను. అత్త నా చెయ్యి వదిలేసింది.

చివరిరోజు పొద్దున్నుంచీ ఇంటిచుట్టూ జనం. సంగతి ఎలా పాకిందో, బళ్ళు వచ్చి చేరాయి. బయట తాళాలు, భజన. అత్తను పడుకోబెట్టిన లోపలి గదిలోకి నన్నొక్కదాన్నే పంపాడు తాతయ్య. దేహం వదిలే వేళకు విచారణ సాగుతూ ఉండాలి, ఆపకుండా అడుగుతూ ఉండమన్నాడు. తలుపు దగ్గరికి వేశాడు. అత్త చాప మీద పక్కకు తిరిగి, మోకాళ్ళు కడుపులోకి లాక్కుని పడుకుని ఉంది. చీరకొంగు నోట్లో కుక్కుకుంది. అడిగాను. నొప్పి ఎవరికి? కొంగు తీయలేదు. నొప్పిని చూస్తున్నదెవరు? అప్పుడు కొంగు తీసింది. అంచున నెత్తురుంది. నా వంక చూసింది. ఆ చూపు గురించి రాయాలని ఈ వారం రోజుల్లో చాలా కాగితాలు చింపాను.

"నువ్వు. నువ్వు చూస్తున్నావుగా," అంది. "నొప్పి నాకు. ఎవర్నన్నా పిలువే."

మా అత్త ఆఖరి మాట అది. తలుపుకి గడియ కూడా లేదు. నాలుగడుగులు వేసి తోస్తే చాలు. బయట రెండొందల మంది ఉన్నారు, మా అమ్మ ఉంది, మా నాన్న ఉన్నాడు. నేను లేవలేదు. కూర్చుని మొదటి ప్రశ్న మళ్ళీ అడిగాను. ఎన్నిసార్లు అడిగానో తెలియదు. జవాబు రాకుండా పోయాక కూడా కాసేపు అడిగాను. తర్వాత బయటికి వచ్చి, "అయిపోయింది తాతయ్యా," అంటే, ఏం అందమ్మా అని చుట్టూ మూగారు. "ఏమీ అనలేదు, నవ్వింది," అని చెప్పాను. మా అమ్మ ఒక్కతే లోపలికి పోయి, ఆ కొంగు చూసి వచ్చి, ఆ రోజు నుంచి నేను పెళ్ళయి అత్తారింటికి వెళ్ళేదాకా నాకు తన చేత్తో అన్నం పెట్టలేదు.

మా వాళ్ళలో దహనం చేస్తారు. జ్ఞానిని మాత్రం కూర్చోబెట్టి సమాధి చేయాలి. కల్లం పక్కన గొయ్యి తీసి ఉప్పు, విభూతి పోశారు. అత్త కాళ్ళు ముడుచుకుని బిగుసుకుపోయాయి, చాపడానికి వీల్లేదు. ఆసనం దానంతటదే కుదిరిందని, ఇంతకంటే రుజువేం కావాలని పిడుగురాళ్ళ ఆసామి చేతులు జోడించాడు. సమాధి మీద సున్నం ఆయన బట్టీ నుంచే వచ్చింది. రెండు బళ్ళు.

తాతయ్య తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. నేను గుంటూరులో కాలేజీ చదువుతుండగా ఒకరోజు ఆయన్ను పెద్దాసుపత్రికి తెచ్చారు. మూత్రం బిగిసింది. ఎవరు తెమ్మన్నారని అడిగితే, ఆయనే బండి కట్టమన్నాడని మా నాన్న తల దించుకుని చెప్పాడు. మందు చీటీ పట్టుకుని నాన్న కిందికి వెళ్ళాడు. మంచం మీద తాతయ్య, పక్కన స్టూలు మీద నేను. పన్ను పీకించుకుని చుట్ట ముట్టించిన మనిషి మంచం పట్టె పట్టుకుని అమ్మా అమ్మా అని అరుస్తున్నాడు. నేను ముందుకు వంగి, చెవి దగ్గర, మెల్లగా అడిగాను. "తాతయ్యా, నొప్పి ఎవరికి?" అరుపు ఆగింది. నన్ను గుర్తుపట్టాడు. "నాకేనే. నాకే. నర్సును పిలువు," అన్నాడు. నర్సు పది అడుగుల దూరంలో ఉంది. పిలిచాను, కానీ వెంటనే కాదు. గోడ మీద గడియారంలో ముల్లు తిరగడం చూస్తూ కూర్చున్నాను. మనసుకు చల్లగా ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు. ఒక ముసలాయన నొప్పికి ఏడుస్తున్నాడు, నేను చూస్తున్నాను, అంతే. ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికెళ్ళి మళ్ళీ అరుగెక్కి గోష్ఠి చెప్పాడు. నన్ను మాత్రం మళ్ళీ రమ్మనలేదు.

అన్న ప్రకారం శివప్రసాద్ మొన్న ఆదివారం వచ్చాడు. ఇదంతా చదివి వినిపించాను. మధ్యలో ఒకటి రెండు సార్లు ఫోను చూసుకున్నాడు గానీ ఓపిగ్గానే విన్నాడు. విన్నాక కోపం తెచ్చుకుంటాడనుకున్నాను, పటం తీసుకుని పోతాడనుకున్నాను. అదేం లేదు. ఒకప్పుడు కల్లం ఉన్నచోట ఇప్పుడు కార్లు పెట్టుకుంటున్నారనీ, ధ్యానమందిరానికి ఏసీలు పెట్టించారనీ, ప్రతి ఆరాధనకీ అమ్మ పేరుమీద ఉచిత వైద్యశిబిరం పెడుతున్నారనీ చెప్పాడు. పోయినసారి ఆడవాళ్ళకు గడ్డల పరీక్షలు కూడా చేయించారట. ఆ రోజుల్లో ఒక్క డాక్టరు కావలసి వస్తే ఇల్లంతా అడ్డం నిలబడ్డాం. ఇప్పుడు ఆవిడ సమాధి పక్కనే షామియానా వేసుకుని డాక్టర్లు కూర్చుంటున్నారు. ఏది ఎక్కువ అన్యాయమో నాకు తేల్చుకోవడం రాలేదు.

తర్వాత అతను నా వైపు చాలా దయగా చూశాడు. "మీరు ఇన్నేళ్ళూ ఊరికే బాధపడ్డారండి. అమ్మకు నొప్పేంటండి? మిమ్మల్ని పరీక్ష చేశారు. సాక్షి ఎవరని మీరడిగితే, మీలోనే ఉందని చూపించారు. పోయిందెవరు, పోగొట్టుకుందెవరు? అక్కడ చచ్చిపోయినవాళ్ళు ఎవరూ లేరండి," అన్నాడు.

అతను మంచివాడే. తను అబద్ధం చెప్తున్నాననుకోవడం లేదు. ఇక్కడ నేను దాచకుండా రాయాల్సింది ఒకటుంది. అతను ఆ మాట అనగానే నాకు హాయిగా అనిపించింది. అరవై ఏళ్ళ బరువు భుజాల మీంచి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టు, నిజంగానే ఊపిరి తేలిగ్గా ఆడింది. చచ్చిపోయినవాళ్ళు లేకపోతే చంపినవాళ్ళూ లేరు. అరుగు మీద పీట ముందు కూర్చున్న పదిమందికీ, చేతులెత్తి మొక్కిన తాతయ్యకీ, కళ్ళు తుడుచుకున్న మా నాన్నకీ, ప్రతి సాయంత్రం అందిన హాయి ఇదే. దాన్ని నిలుపుకోడానికే మేమందరం కలిసి మా అత్తను చావనిచ్చాం.

అతను పెన్ను తీసి, మొదటి పేజీకి ఏం రాసుకోమంటారని అడిగాడు.

"నొప్పి తనకేనంది, ఎవరినన్నా పిలవమంది, నేను పిలవలేదు," అన్నాను. "అదే రాసుకోండి."

పెన్ను మూత పెట్టేసుకున్నాడు.